నలభై ప్రశ్నలు బట్టీ పట్టకండి, సూట్‌కేసుల సంగతి చూసుకోండి

ప్రశ్న: మాది మల్కాజిగిరి. నాకు 58 ఏళ్లు. తెలుగు మీడియంలో పదో తరగతి వరకు చదివాను. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో కొలంబస్‌లో ఉంటారు. అమ్మాయికి ఇప్పుడు ఎనిమిదో నెల. మా ఆయనకు సెలవు దొరకలేదు కాబట్టి నేను ఒక్కదాన్నే వెళ్లాలి. ఇంతవరకు విమానం ఎక్కి ఎరగను. హైదరాబాద్ నుంచి దుబాయ్, దుబాయ్ నుంచి షికాగో, అక్కడ మళ్లీ విమానం మారి కొలంబస్. వీసా ఇంటర్వ్యూ తెలుగులోనే అయిపోయింది, అప్పుడు అంత భయం వేయలేదు. ఇప్పుడు షికాగోలో ఆఫీసరు ఇంగ్లిష్‌లో అడిగితే ఏం చెప్పాలో అని ఒకటే టెన్షన్. మా అల్లుడు నలభై ప్రశ్నలు, జవాబులు తెలుగు అక్షరాల్లో రాసి పంపాడు. పొద్దున్నే పప్పు కడుగుతూ చదువుతున్నాను, సాయంత్రానికి మర్చిపోతున్నాను. ఎదురింటావిడేమో మాట తడబడితే అక్కడి నుంచే వెనక్కి పంపించేస్తారంటోంది. దానికి తోడు మోకాళ్ల నొప్పులు. టికెట్ రద్దు చేయించుకుందామా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: టికెట్ రద్దు చేయించకండి. ఆ నలభై ప్రశ్నల కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టేయండి. మీ అల్లుడు ప్రేమ కొద్దీ పంపారు, కాదనను. కాకపోతే తాను ఉద్యోగం ఇంటర్వ్యూకి ఎలా తయారయ్యారో మిమ్మల్నీ అలాగే తయారు చేయాలని చూస్తున్నారు. మీరు వెళ్లేది ఉద్యోగానికి కాదు కదా.

మా అత్తగారు మొదటిసారి వెళ్లినప్పుడు మా ఇంట్లోనూ ఇదే తంతు. ఆవిడ జవాబులన్నీ వరసగా, పద్యం అప్పజెప్పినట్టు నేర్చుకున్నారు. అక్కడి ఆఫీసరుకి మన వరస తెలియదుగా. ఎన్ని బ్యాగులు తెచ్చారని ముందు అడిగాడట. ఆవిడ తడుముకోకుండా "సిక్స్ మంత్స్" అన్నారు. ఆయన నవ్వి, మళ్లీ అడిగాడు. ఈసారి "మై సన్" అన్నారు. చివరికి పక్క వరసలో ఉన్న ఒక తెలుగబ్బాయి వచ్చి మాట కలిపాడు. ఆవిడ గడగడా వణికిపోయారు గానీ, ఆ ఆఫీసరుకి అందులో తప్పేమీ కనబడలేదు. రెండు నిమిషాల్లో పంపించేశాడు.

తడబడినంత మాత్రాన ఎవరినీ వెనక్కి పంపరు. తోడు లేకుండా వచ్చే పెద్దవాళ్లు, ఇంగ్లిష్ రానివాళ్లు వాళ్లకు కొత్తేమీ కాదు. వీసా ఉన్నంత మాత్రాన లోపలికి రానివ్వాలని లేదన్న మాట నిజమే. రానివ్వాలా వద్దా అన్నది అక్కడి విమానాశ్రయంలో కూర్చున్న ఆఫీసరే తేలుస్తాడు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, చెప్పే మాటకీ చేతిలో ఉన్న కాగితాలకీ పొంతన లేనప్పుడు. చూడటానికి వచ్చామని చెప్పి సంచిలో ఉద్యోగం దరఖాస్తులు పెట్టుకున్నవాళ్లకు, పోయినసారి గడువు దాటి ఉండిపోయినవాళ్లకు చిక్కు. మీకు ఆ రెండూ లేవు.

ఇంతకీ ఆయనకు కావలసింది మూడు సంగతులు. ఎందుకు వచ్చారు, ఎవరింట్లో ఉంటారు, ఎప్పుడు తిరిగి వెళ్తారు. వీటిని ఎన్ని రకాలుగా అడిగినా జవాబు మీ ఇంటి సంగతే. అమ్మాయి పేరు, అల్లుడి ఉద్యోగం, తిరుగు టికెట్ తేదీ. వీటిని బట్టీ పట్టక్కర్లేదు కదా! నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో అద్దం వెనక కూర్చున్న ఆఫీసరుకు మీరు తెలుగులో చెప్పిందీ ఇదే. షికాగోలో మళ్లీ అదే చెప్తారు, అంతే.

ఇంగ్లిష్ రాకపోతే ఎలా అంటారా? కౌంటర్ దగ్గరికి వెళ్లగానే "తెలుగు, ప్లీజ్" అనండి. ఆ ఒక్క మాట చాలు. తెలుగు తెలిసినవాళ్లు దగ్గర్లో లేకపోతే ఫోన్ మీద ఇంటర్‌ప్రిటర్‌ని పిలిచే ఏర్పాటు వాళ్లకు ఉంది. అర్థం కాని ప్రశ్నకు మాత్రం "యెస్, యెస్" అని తల ఊపకండి. మన వాళ్ల అలవాటు అదే. మర్యాద కోసం ఊపేస్తాం, ఆ ప్రశ్న ఏమిటో తర్వాత తెలుస్తుంది. మాంసం తెచ్చారా అని అడిగితే కూడా యెస్సే అవుతుంది. తెలియకపోతే తెలియలేదనండి.

నలభై ప్రశ్నల బదులు మీ అల్లుడి చేత ఒకే ఒక్క కాగితం రాయించుకోండి, ఇంగ్లిష్‌లో, పెద్ద అక్షరాల్లో. అందులో మీ పేరు, అమ్మాయి పేరు, వాళ్ల ఇంటి అడ్రస్, ఇద్దరి ఫోన్ నంబర్లు, కాన్పు ఎప్పుడు అన్నది, మీ తిరుగు ప్రయాణం తేదీ, మీరు వేసుకునే మందుల పేర్లు, నాకు తెలుగు మాత్రమే వచ్చు అన్న ఒక వాక్యం ఉండాలి. తేదీ రాసేటప్పుడు నెలను అంకెలో కాకుండా పేరుతో రాయమనండి. వాళ్లు నెల ముందు రాసి తర్వాత రోజు రాస్తారు. మనం మార్చి మూడో నెల కదా అని 5-3 అని రాస్తే వాళ్లకది మే మూడు. ఆ కాగితం, తిరుగు టికెట్ ప్రింటు, పాస్‌పోర్టు మూడూ ఒకే కవర్లో పెట్టి భుజానికి తగిలించుకునే సంచిలో ఉంచుకోండి. ఫోన్‌లో ఉందిలే అనుకోవద్దు. ఆ ఇమ్మిగ్రేషన్ హాల్లో ఫోన్లు వాడొద్దని బోర్డులు ఉంటాయి, వాడితే కేకలేస్తారు.

ఒక మాట దగ్గర మాత్రం జాగ్రత్త. "ఎందుకు వచ్చారు" అంటే మనవాళ్లు చాలామంది "పనికి సాయం చేయడానికి" అంటారు. మనకు అది ప్రేమ మాట. పనికి వచ్చాను అన్నది ఇంగ్లిష్‌లోకి మారితే ఉద్యోగానికి వచ్చానని అర్థం వస్తుంది. సందర్శకుల వీసా మీద ఉద్యోగం కుదరదు, అప్పుడిక పది ప్రశ్నలు మొదలవుతాయి. నా కూతురికి కాన్పు, దగ్గర ఉండటానికి వచ్చాను, బిడ్డను చూసుకుని వెళ్తాను అనండి. ఇది పూర్తిగా నిజం. దాచాల్సింది ఏమీ లేదు. బిడ్డకు నీళ్లు మీరే పోస్తారా అని అడిగినా అవుననండి. అమ్మమ్మ నీళ్లు పోస్తే జీతం ఎవరిస్తారు?

వేలిముద్రల గురించి కూడా అల్లుడు రెండు ప్రశ్నలు రాసే ఉంటారు. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింద వీసా సెంటర్‌లో వేళ్లు ఆనించి ఫొటో దిగారు కదా, అలాంటిదే. కెమెరా వైపు చూడమంటారు, వేళ్లు పెట్టమంటే పెట్టాలి. అంట్లు తోమీ తోమీ మన వేళ్ల గీతలు అరిగిపోయి ఉంటాయి, పైగా విమానంలో గాలికి చర్మం ఎండిపోతుంది. దిగే ముందు కాస్త క్రీమ్ రాసుకుని తుడుచుకోండి.

ఆఫీసరు మీ పాస్‌పోర్టు పట్టుకుని "మీరు ఆ గదిలో కూర్చోండి" అని పక్క గది చూపించాడనుకోండి, అరెస్టు చేశారని అనుకోవద్దు. కంప్యూటర్లో ఇంకో వివరం సరిచూడాలన్నా, ఇంటర్‌ప్రిటర్ కోసమైనా అక్కడ కూర్చోబెడతారు. పేరు పిలుస్తారు. వాళ్ల నోట మన పేరు మనకే అర్థం కాదు, పైగా ఇంటిపేరుతో పిలుస్తారు. మనల్ని ఇంటిపేరు పెట్టి పిలిచేది బడిలో మాస్టారు తర్వాత వాళ్లే. కాబట్టి ఇంటిపేరు లాంటి శబ్దం వినిపిస్తే లేవండి. ఇంకో సంగతి. కొందరి వీసా మీద పేరు ఉండాల్సిన చోట ఎఫ్ ఎన్ యు అని మూడక్షరాలు ఉంటాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు విడివిడిగా లేకపోతే అలా వేస్తారు. అది చూసి కంగారు పడిన ఆవిడ ఒకరు నాకు రాత్రి పదింటికి ఫోన్ చేశారు. తప్పు కాదు, వాళ్ల పద్ధతి.

అన్నీ అయ్యాక మీరు ఏ తేదీ వరకు ఉండవచ్చో ఆఫీసరు నిర్ణయిస్తాడు. సందర్శకులకు సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. వీసా మీద పదేళ్లు ఉన్నా, ఈసారి మీకు వర్తించేది ఈ తేదీయే. దీన్ని ఐ-94 అంటారు. ఇప్పుడు కాగితం ఇవ్వరు, కంప్యూటర్లో ఉంటుంది. పాస్‌పోర్టులో ముద్ర వేయకపోయినా కంగారు పడొద్దు. ఇల్లు చేరిన మర్నాడే అల్లుడి చేత ఆ వెబ్‌సైట్‌లో చూపించుకుని తేదీ రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఎన్నాళ్లుంటారని అడిగితే మాత్రం "ఆరు నెలలు ఇవ్వండి" అనకండి. మీ తిరుగు టికెట్‌లో ఎంత ఉంటే అంతే చెప్పండి.

ఆఫీసరు సంగతి ఇంతే. పదిహేను నిమిషాలో, గంటో లైన్లో నిలబడితే రెండు నిమిషాల మాట. నా భయమంతా ఆ తర్వాత మీరు దాటాల్సిన చోటు గురించి. దాని గురించి ఎదురింటావిడ చెప్పదు, అల్లుడి నలభై ప్రశ్నల్లోనూ ఉన్నట్టు లేదు. నేను దెబ్బ తిన్నది అక్కడే.

శంషాబాద్‌లో సూట్‌కేసులు ఇచ్చేటప్పుడు వాటికి ఒక చీటీ కడతారు. దాని మీద సి ఎం హెచ్ అని ఉంటే అది కొలంబస్. అది చూసి మన వాళ్లు "సామాను నేరుగా కొలంబస్ వెళ్లిపోతుంది" అనుకుంటారు. దుబాయ్ వరకు ఆ మాట నిజమే. టికెట్ అంతా ఒక్కటే అయితే అక్కడ మీరు బ్యాగులు ముట్టుకోనక్కర్లేదు, ఇమ్మిగ్రేషన్ కూడా లేదు. దిగాక "కనెక్షన్స్" అన్న బోర్డు వెంట నడిచి, మళ్లీ ఒకసారి సెక్యూరిటీ చెకింగ్ దాటి, షికాగో గేటుకు వెళ్లడమే. "ఎరైవల్స్" వైపు మాత్రం వెళ్లకండి, అది దుబాయ్ ఊళ్లోకి దారి.

అమెరికాలో అలా కాదు. ఆ దేశంలో మొదట ఏ ఊళ్లో దిగితే అక్కడే సూట్‌కేసులు బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ వాళ్ల ముందు నుంచి మీరే తీసుకెళ్లి, మళ్లీ విమానం వాళ్లకు అప్పజెప్పాలి. చీటీ కొలంబస్‌కే ఉన్నా సరే. కస్టమ్స్ దాటగానే అక్కడే, బయటికి వెళ్లే తలుపుకు ముందు, కనెక్టింగ్ ఫ్లైట్ల సామాను కోసం వేరే బెల్టు ఉంటుంది. చీటీ చూపిస్తే తీసుకుంటారు.

నా సంగతి వినండి. రెండోసారి వెళ్లినప్పుడు, ఒక విమానాశ్రయంలో, ఇమ్మిగ్రేషన్ గండం గట్టెక్కిందన్న సంబరంలో రెండు సూట్‌కేసులు లాక్కుంటూ ఆ బెల్టు పక్క నుంచే నడుచుకుంటూ తలుపు దాటేశాను. తలుపు నా వెనక మూసుకుంది. ఇక లోపలికి రానివ్వరు. పై అంతస్తులో చెకిన్ కౌంటర్ వెతుక్కుని, చాంతాడంత లైన్లో నిలబడి, సామాను ఇచ్చేసరికి నా విమానం ఎగిరిపోయింది. ఆ రాత్రి కుర్చీలోనే కూర్చున్నాను. పులిహోర పొట్లం ఉంది కాబట్టి సరిపోయింది.

షికాగోలో మీరు దిగేది ఓహేర్ విమానాశ్రయంలో 5వ టెర్మినల్‌లో. ఇమ్మిగ్రేషన్, సామాను, కస్టమ్స్, ఆ రెండో బెల్టు అన్నీ అక్కడే. కొలంబస్ విమానం వేరే టెర్మినల్ నుంచి అయితే అక్కడికి చిన్న రైలు ఉంటుంది, టికెట్ అక్కర్లేదు. అక్కడ మళ్లీ సెక్యూరిటీ చెకింగ్. విమానంలో ఇచ్చిన నీళ్ల బాటిల్ ఈలోపు తాగేయాలి, లేకపోతే పారేయిస్తారు. ఇదంతా చూసుకుంటే షికాగోలో రెండు విమానాల మధ్య కనీసం మూడు గంటలైనా ఉండాలి. మీ టికెట్‌లో గంటన్నరే ఉంటే ఇప్పుడే అల్లుడితో చెప్పి మార్పించండి. ఈ ఒక్క పని మీ నలభై ప్రశ్నల కంటే ఎక్కువ ఉపయోగం.

ఇది చదివి మీకు ఇంకా భయం పెరిగిందేమో. అందుకే వీల్‌చైర్ తీసుకోండి. మోకాళ్ల నొప్పులని మీరే రాశారు కదా. టికెట్ కొన్న చోటే అల్లుడు అడిగితే పెడతారు, దానికి వేరే డబ్బు లేదు. దుబాయ్‌లోనూ షికాగోలోనూ విమానం తలుపు దగ్గరే మనిషి ఉంటారు. ఇమ్మిగ్రేషన్ లైను, సామాను బెల్టు, కస్టమ్స్, రెండో బెల్టు, రైలు, ఆఖరికి కొలంబస్ గేటు దాకా వాళ్లే తీసుకెళ్తారు. నాలుగడుగులు వేయగలిగినదాన్ని, కుర్చీలో కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారో అని మొహమాటపడతారేమో. ఓహేర్‌లో నడక చూశాక ఆ మొహమాటం మీకే పోతుంది. నిజానికి ఏ నొప్పీ లేనివాళ్లు కూడా దారి చూపిస్తారని వీల్‌చైర్ పెట్టించుకుంటున్నారు. నిజంగా అవసరమైన ముసలివాళ్లు ఎదురుచూడాల్సి వస్తోందని నాకు కోపం కూడా. మీ విషయంలో అలాంటిదేమీ లేదు, నిశ్చింతగా కూర్చోండి. అమెరికాలో ఆ మనిషికి మీ ఇష్టం కొద్దీ ఐదో పదో డాలర్లు ఇవ్వడం అలవాటు. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. చాలా చోట్ల సామాను ట్రాలీకి కూడా డబ్బు కట్టాలి.

ఇక సూట్‌కేసు లోపలి సంగతి. ఈ ఉత్తరం చదవగానే నా కళ్ల ముందు మెదిలింది అదే. ఎనిమిదో నెల కూతురి దగ్గరికి వెళ్లే తల్లి సూట్‌కేసులో ఏముంటుందో నాకు తెలియదా. ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు, వాము, శొంఠి, బాలింతకు కారాలు, ఒక పాత చీర మెత్తగా ఉతికి.

పచ్చళ్లు, పొడులు, ఇంట్లో చేసిన పిండివంటలు మామూలుగా ఇబ్బంది పెట్టవు. ఒక్కటే సూత్రం. "తినేవి ఏమైనా ఉన్నాయా" అంటే ఉన్నాయని చెప్పాలి. విమానంలో కస్టమ్స్ ఫారం ఇస్తే అందులోనూ, ఇవ్వకుండా నోటితో అడిగితే నోటితోనూ. చెప్పి చూపిస్తే, వద్దన్నది తీసి చెత్తబుట్టలో వేస్తారు, అక్కడితో సరి. చెప్పకుండా ఉంటే, వాసన పట్టే కుక్క మీ సూట్‌కేసు పక్కన కూర్చుంటే, జరిమానా. సొంతానికి తెచ్చుకున్న కొద్దిపాటి సరుకుకే మొదటిసారి వెయ్యి డాలర్ల దాకా వేయొచ్చు. దాని బదులు కొలంబస్‌లోనే పచ్చళ్లు కొనుక్కోవచ్చు.

కరివేపాకు వద్దు. "నాలుగు రెబ్బలే కదా, చీర మడతలో" అన్న ఆలోచన కూడా వద్దు. కరివేపాకు నిమ్మ, నారింజ జాతికి దగ్గరి చుట్టం. దాని మీద వాలే చిన్న పురుగు నారింజ చెట్లను చంపే తెగులును మోస్తుంది, ఫ్లోరిడాలో తోటలు దానివల్లే దెబ్బతిన్నాయి. అందుకే వాళ్లకు అది ఆకులా కనబడదు, తెగులులా కనబడుతుంది. ఎండబెట్టి తీసుకెళ్దామనే తెలివి కూడా వద్దు. బియ్యం కూడా వద్దు, మన దేశం నుంచి సామానులో బియ్యం తేనివ్వరు. ధాన్యాన్ని తినేసే ఖప్రా పురుగు భయం. సోనామసూరి అక్కడ దుకాణాల్లో బస్తాలకు బస్తాలు దొరుకుతుంది. తాజా పండ్లు, కూరగాయలు, తమలపాకులు, గోంగూర విత్తనాలు, మునగ విత్తనాలు కూడా వదిలేయండి. పెరట్లో వేసుకుంటుందిలే అని విత్తనాలు తీసుకెళ్లే తల్లులు చాలామంది ఉన్నారు. ఈ మధ్య హైదరాబాద్‌లో ఏ వీధి చూసినా నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి అమ్ముతున్నారు. అల్లుడికి ఇష్టమని సీసా పెడతారేమో, మాంసం ఏ రూపంలో ఉన్నా అక్కడ తీసేస్తారు.

మీరు దుబాయ్ మీదుగా వెళ్తున్నారు కాబట్టి ఇంకోటి. గసగసాలు ఒక్క గింజ కూడా పెట్టకండి. మనకది మసాలా దినుసు, అక్కడ మాదకద్రవ్యాల జాబితాలో ఉంది. గరం మసాలా ఇంట్లో కొట్టుకుంటే అందులో కూడా వేయకండి. ఎండుకొబ్బరి అయితే మన దగ్గరే చెకిన్ సామానులో వద్దంటారు, నూనె ఎక్కువ కాబట్టి త్వరగా అంటుకుంటుందని. పచ్చడి, నెయ్యి చేతి సంచిలో పెడితే శంషాబాద్‌లోనే తీయిస్తారు, అవి సూట్‌కేసులోనే పెట్టాలి, రెండు కవర్లు తొడిగి. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు, వీసా వచ్చాక 108 కూడా చేసే ఉంటారు. స్వామి వీసా వరకు చూసుకుంటాడు, కరివేపాకు పూచీ మాత్రం తీసుకోడు.

బీపీ, షుగర్ మందులు చేతి సంచిలో ఉండాలి. సూట్‌కేసు ఒకరోజు ఆలస్యమైతే అమ్మాయి అక్కడ మన మందు చీటీతో కొనలేదు. మాత్రలను డబ్బాల్లోకి విప్పి సర్దకండి, స్ట్రిప్పులతోనే ఉంచి, డాక్టరు చేత ఇంగ్లిష్‌లో చీటీ రాయించండి. డబ్బు మీరు పది వేల డాలర్లు దాటి తీసుకెళ్లరు గానీ, దాటితే చెప్పి తీరాలి. పెద్ద నగలు ఇంట్లోనే పెట్టండి. వేసుకెళ్లక తప్పదంటే శంషాబాద్‌లోనే కస్టమ్స్ వాళ్లకు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగొచ్చినప్పుడు ఇవి మావేనని నిరూపించుకునే బాధ ఉండదు. పుస్తెలతాడు తీయాల్సి వస్తుందేమో అని చాలామంది అడుగుతారు. గేటు కూత పెడితే చేత్తో తడిమి చూస్తారు, ఆడవాళ్లను ఆడవాళ్లే. అంతవరకే.

శంషాబాద్‌లో ఏదో ఫారం నింపాలి, ఇంగ్లిష్‌లో నింపాలి అని ఎవరైనా చెబితే నమ్మకండి. దేశం విడిచి వెళ్లే భారతీయులకు ఆ ఫారం 2017 జులై 1 నుంచి లేదు. అక్కడ ఆఫీసర్లకు హిందీ, తెలుగు ఏదైనా నడుస్తుంది.

ఈ కాలమ్ చదివే ఇంకొందరు అబుదాబి మీదుగా వెళ్తుంటారు, వాళ్ల కోసం ఒక్క ముక్క. అమెరికా ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ చెకింగ్ 2014 నుంచి అబుదాబిలోనే చేసేస్తున్నారు. అక్కడ అమెరికా ఆఫీసరే కూర్చుంటాడు. అది అయ్యాక అమెరికాలో దిగితే ఊళ్లో విమానం దిగినట్టే. కాబట్టి అబుదాబిలో విమానాల మధ్య సమయం ఎక్కువ పెట్టుకోవాలి. మల్కాజిగిరి అమ్మకు ఇది వర్తించదు.

ఇక ఒక్క అభ్యాసం చేయండి. రాత్రి భోజనం అయ్యాక మీ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఆఫీసరులా అడగమనండి, తెలుగులోనే. ఎందుకు వెళ్తున్నావు, ఎవరింటికి, ఎప్పుడు వస్తావు. మీరు జవాబు చెప్తుంటే ఆ కాగితం చూపించండి. సంచిలో నుంచి పాస్‌పోర్టు తీయడానికి ఎంతసేపు పడుతోందో చూసుకోండి. మా అత్తగారికి అసలు చిక్కు ఇంగ్లిష్ కాదు, ఐదు జిప్పులున్న హ్యాండ్‌బ్యాగ్. సూట్‌కేసులకు ఎర్ర గుడ్డ ముక్క కట్టండి. బెల్టు మీద నల్ల సూట్‌కేసులు వంద వస్తాయి, పాతికన్నా తెలుగువాళ్లవే అయి ఉంటాయి. ఎర్ర గుడ్డ కట్టినవి కూడా నాలుగు ఉంటాయనుకోండి, కాబట్టి మీ పాత చీర అంచు ఏదైనా చింపి కట్టండి. ఆ అంచు మీరు ఎక్కడున్నా గుర్తు పడతారు.

కొలంబస్‌లో మాత్రం మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. అది వాళ్ల ఊళ్లో విమానం లెక్క, ఆఫీసర్లు ఉండరు. విమానం దిగి "బ్యాగేజ్ క్లెయిమ్" బోర్డు వెంట వస్తే సామాను బెల్టు. అమెరికాలో అక్కడి వరకు బయటివాళ్లు రావచ్చు కాబట్టి మీ అమ్మాయి గేటు అవతల కాదు, ఆ బెల్టు పక్కనే నిలబడి ఉంటుంది. మీ చీర అంచు కట్టిన సూట్‌కేసు రాగానే తనే ముందుకు ఉరుకుతుంది. దాన్ని మాత్రం ఆమె చేత ఎత్తించకండి, 23 కిలోలు. అల్లుడిగారిని ఎత్తమనండి.